కిటికీలు పగలగొట్టిన సంగీతం పంతులమ్మ

జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం. బడిలో ప్రార్థన అయ్యాక పిల్లలంతా కుడిచెయ్యి ముందుకు చాచి ఓటరు ప్రతిజ్ఞ చేస్తారు. వాళ్లలో చాలామందికి ఓటు రావడానికి ఇంకా ఏడెనిమిదేళ్లుంటుంది. తర్వాత వ్యాసరచన పోటీ, ముగ్గుల పోటీ, ప్లకార్డులు పట్టుకుని ఊళ్లో ర్యాలీ. మర్నాడు గణతంత్ర దినోత్సవం. అదే ఆవరణలో అదే పిల్లలు ‘జనగణమన’ పాడి, చాక్లెట్లు చప్పరిస్తూ ఇళ్లకు పోతారు.

ఈ రెండు రోజులతోనూ సంబంధం ఉన్న మనిషి ఒకరు వందేళ్ల కిందట మదనపల్లెలో కాపురమున్నారు. ఆ పాట పుణ్యమా అని ఆమె పేరు అప్పుడప్పుడు వినబడుతుంది. ఫిబ్రవరి 28 దగ్గరపడితే పత్రికలు ఓ పెట్టె కట్టి వేస్తాయి. ఓటు సంగతికొచ్చేసరికి ఆమెను తలచుకునేవాళ్లే తక్కువ. ఆ మనిషి మార్గరెట్ కజిన్స్.

మన దేశంలో ఓటు కథ చెప్పాలంటే పాఠాలన్నీ ముందు తమిళనాడులోని ఉత్తరమేరూరుకు బయల్దేరతాయి. 10వ శతాబ్దంలో, చోళరాజు పరాంతకుడి కాలంలో చెక్కించిన శాసనం అక్కడుంది. అర్హుల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసి, చిన్నపిల్లాడి చేత తీయించేవాళ్లు. కుండ, తాటాకు, పిల్లాడు... పాఠానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆ శాసనంలో అర్హతల పట్టిక కూడా ఉంది. సొంత భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వయసు 35కూ 70కీ మధ్య ఉండాలి, వేదం వచ్చి ఉండాలి. అందులో ఆడవాళ్ల ఊసే లేదు. పాఠం మాత్రం కుండ దగ్గరే ఆగిపోతుంది.

13వ శతాబ్దంలో ఓరుగల్లులో రుద్రమదేవి రాజ్యమేలారు. సింహాసనానికి ఓటుతో పనిలేదు కనుక ఆమె మన కథలోకి రారు. అక్కడి నుంచి ఒక్క గెంతులో ఆరు వందల ఏళ్లు దాటేయాలి. 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టారు. 1893లో న్యూజిలాండ్ ఆడవాళ్లకు ఓటు వచ్చింది. ఆ సంవత్సరం మార్గరెట్ ఐర్లండులోని బాయిల్ అనే చిన్న ఊళ్లో పద్నాలుగేళ్ల బడిపిల్ల.

పుట్టింటి పేరు గిలెస్పీ. 1878లో పుట్టారు. డబ్లిన్‌లో సంగీతం చదివి 1902లో పట్టా పుచ్చుకున్నారు. మరుసటి ఏడు కవి జేమ్స్ కజిన్స్‌ను పెళ్లాడి, సంగీత పాఠాలు చెబుతూ కాలం గడిపారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ శాకాహారులు. మాంసం లేకుండా బతకడమేమిటని విస్తుపోయే దేశంలో వాళ్లదో వింత సంసారం. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ మహిళల ఓటుహక్కు సంఘం పెట్టారు. 1910 నవంబరులో లండన్ వెళ్లి మంత్రుల ఇళ్ల కిటికీల మీద రాళ్లు రువ్వారు. హాలోవే జైల్లో నెల రోజులు. 1913 జనవరిలో మళ్లీ రాళ్లు, ఈసారి డబ్లిన్ కోట కిటికీలకు. ఐర్లండుకు స్వపరిపాలన ఇచ్చే బిల్లులో ఆడవాళ్లకు ఓటు పెట్టలేదన్నది కోపం. టల్లమోర్ జైల్లో మరో నెల. రాజకీయ ఖైదీలుగా గుర్తించాలని అక్కడ నిరాహార దీక్షకు దిగి, అనుకున్నది సాధించారు.

పిల్లలకు ఈ కథ చెప్పే పంతులుకు ఇక్కడో చిక్కు. రాళ్ల సంగతి చెప్పాలా, వద్దా? చెబితే క్లాసంతా కళ్లు విప్పార్చుకుని వింటుంది. కానీ సాయంత్రానికి హెడ్మాస్టరు గది అద్దం పగిలితే దానికి జవాబుదారీ ఎవరు? చాలా పుస్తకాలు ఈ తంటా ఎందుకని ‘పోరాడి జైలుకు వెళ్లారు’ అన్న మాటతో సరిపెడతాయి. దాంతో కథలోని ఉప్పూ కారం పోతాయి. రాయి విసిరిందనీ చెప్పొచ్చు, దానికి నెల రోజులు జైల్లో ఉందనీ చెప్పొచ్చు. రెండో సగం విన్న పిల్లలకు మొదటి సగం అంత తేలిగ్గా కనిపించదు.

1915లో దంపతులిద్దరూ మద్రాసులో దిగారు. జేమ్స్‌కు అనీబిసెంట్ నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో ఉద్యోగం. మరుసటి ఏడు ఐర్లండులో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగితే, దాన్ని మెచ్చుకుంటూ వ్యాసం రాసి ఆ కొలువు పోగొట్టుకున్నారు. అప్పుడు బిసెంట్ ఆయన్ను మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు పంపించారు. అలా ఒక ఉద్యోగం ఊడబట్టి మదనపల్లె చరిత్రకెక్కింది. ఆ ఊళ్లో మార్గరెట్ చేరిన ఆడవాళ్ల సంఘం పేరు అబలాభివర్ధినీ సమాజం. రెండు దేశాల్లో రెండు జైళ్లు చూసొచ్చిన మనిషి అందులో సభ్యురాలు! స్థానిక ఆడవాళ్లు ఒకచోట చేరి చదువు, కుట్లు, లోకం సంగతులు మాట్లాడుకునే ఆ చిన్న సంఘాన్ని చూశాకే, ఇలాంటివి ఊరూరా ఉండాలన్న ఆలోచన బలపడింది. 1917 మే నెలలో మద్రాసు అడయారులో మహిళా భారత సంఘం మొదలైంది. అనీబిసెంట్ అధ్యక్షురాలు, డొరొతీ జినరాజదాస, మార్గరెట్ కార్యదర్శులు. తర్వాత ‘స్త్రీధర్మ’ అనే పత్రిక కూడా పెట్టారు. ప్రధానంగా ఇంగ్లిషుదే అయినా అందులో తెలుగు, తమిళ రచనలకూ చోటుండేది.

ఇక అసలు కథ. ఇది ఎంతసేపు చెప్పినా తనివితీరదు.

1917లో భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు లండన్ నుంచి వచ్చి, వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌తో కలిసి దేశమంతా తిరుగుతున్నారు. పరిపాలనలో సంస్కరణలు తెస్తామనీ, ఎవరేం కోరతారో చెప్పమనీ ప్రకటించారు. జమీందార్లు, వర్తకులు, కుల సంఘాలు, మత సంఘాలు అర్జీలు చేతబట్టుకుని వరసలు కట్టారు. మహిళా భారత సంఘం కూడా ఒక అర్జీ పంపించింది. అందులో ఓటు అన్న మాటే లేదు. ఆడపిల్లల చదువు గురించి మంత్రిగారితో మాట్లాడాలి, కాస్త సమయమివ్వండి అని మాత్రమే ఉంది.

జవాబొచ్చింది. మంత్రిగారు రాజకీయ విషయాలు మాట్లాడేవాళ్లకే దర్శనమిస్తారట, చదువు గిదువూ ఆయన వినరట.

ఇంకొకరైతే కాగితం మడిచి పక్కన పెట్టేవాళ్లు. మార్గరెట్ కలం తీశారు. రాజకీయమే కావాలంటే రాజకీయమే రాద్దామని, కొత్త సంస్కరణల్లో ఓటర్ల జాబితా తయారుచేసేటప్పుడు ఆడవాళ్లను కూడా ప్రజల్లో లెక్క వేయాలని అర్జీలో చేర్చారు. దర్శనం దొరికింది. భారతీయ మహిళల ఓటు కోరిక అధికారికంగా తొలిసారి కాగితమెక్కింది ఇలా, ఒక గుమాస్తా నిబంధనను దాటడానికి. అదేమీ గాలివాటు కాదు లెండి. ఓటు కోసం జైలుకెళ్లిన మనిషికి ఆ వాక్యం అప్పటికప్పుడు తట్టలేదు, ఎప్పుడెప్పుడా అని వేచి ఉంది.

డిసెంబరులో మద్రాసులో ఆడవాళ్ల బృందం మాంటేగు ఎదుట నిలబడింది. నాయకురాలు సరోజినీ నాయుడు. హైదరాబాదు ఇంటి ఆడపడుచు, అప్పటికే పేరున్న ఇంగ్లిషు కవయిత్రి. వెంట అనీబిసెంట్, మార్గరెట్, డొరొతీ, బేగం హస్రత్ మోహానీ, బొంబాయి వైపు నుంచి డాక్టరు నాగూతాయి జోషి, ఇంకొందరు. మొదట అడగాలనుకున్న బాలికల చదువును కూడా వదిలిపెట్టలేదు. వైద్య కళాశాలలు కావాలి, కాన్పుల శిక్షణ కావాలి, వాటితోపాటు ఓటూ కావాలి.

మాంటేగు మర్యాదగానే విన్నారు. ఆయన డైరీ తర్వాత అచ్చయింది. సరోజినిని తెలివైనావిడ అని మెచ్చుకుంటూనే లోలోపల విప్లవకారిణి అని అనుమానపడ్డారు. మార్గరెట్‌ను లండన్ సఫ్రజెట్ల, అంటే ఓటు కోసం పోరాడే ఆడవాళ్ల, ఖాతాలో వేశారు. ఐర్లండు మనిషిని లండన్ మనిషి అనడం ఆ రోజుల్లో ఐరిష్‌వాళ్లకు ఎంత కాలే విషయమో మంత్రిగారికి తట్టినట్టు లేదు. 1918లో వెలువడిన నివేదికలో ఆడవాళ్ల ఓటు గురించి ఒక్క ముక్క లేదు. తర్వాత ఓటు అర్హతలు తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ, ఈ దేశపు ఆచారాలు అందుకు ఒప్పుకోవని తేల్చేసింది. సరోజిని, అనీబిసెంట్, హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠాన్ 1919లో లండన్ దాకా వెళ్లి వాదించారు. చివరికి బ్రిటిష్ పార్లమెంటు ఈ తలనొప్పిని ఇక్కడి రాష్ట్ర శాసనమండళ్ల నెత్తిన పెట్టింది. ఇవ్వాలనుకుంటే మీరే ఇచ్చుకోండి అంది.

పాట ముచ్చట సరిగ్గా ఈ మధ్యకాలానిదే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె వచ్చి కళాశాలలో బస చేశారు. ఒక సాయంత్రం విద్యార్థుల మధ్య కూర్చుని ‘జనగణమన’ పాడారు. 1911లోనే కలకత్తా కాంగ్రెసు సభలో పాడిన పాట అది. మార్గరెట్ స్వరం పట్టి కాగితం మీద పెట్టారు. ఫిబ్రవరి 28న టాగూర్ అక్కడే దాన్ని ఇంగ్లిషులోకి మార్చారు. బాణీ మొత్తం మార్గరెట్‌దేనని మనవాళ్లు కొందరు గర్వంగా చెప్పుకుంటారు. అంత దూరం పోనక్కర్లేదు, స్వరం రాసిపెట్టిన ఘనత చాలు. పిల్లలకు చెప్పేటప్పుడైనా ఈ కొలత పాటిస్తే బాగుంటుంది.

1921 ఏప్రిల్ 1న మద్రాసు శాసనమండలి ఆడవాళ్లకు ఓటిచ్చే తీర్మానం నెగ్గించింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో ఇదే మొదటిది. కోస్తా ఆంధ్ర, రాయలసీమ అప్పుడు మద్రాసులోనివే కనుక బెజవాడ, కడప ఆడవాళ్లకు ఈ హక్కు ముందే దక్కింది. బెంగాల్ 1925 దాకా ఆగింది. 1926లో ఆడవాళ్లు పోటీ కూడా చేయవచ్చన్నారు. మార్గరెట్ పట్టుపట్టి కమలాదేవీ చట్టోపాధ్యాయను మంగళూరు నుంచి నిలబెట్టారు. ప్రచారానికి రోజులు లేకపోయినా కొద్ది ఓట్లలో ఓడారు. మరుసటి ఏడు డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి నామినేషన్ మీద మండలిలో అడుగుపెట్టి ఉపాధ్యక్షురాలయ్యారు.

అయితే 1921 నాటి ఓటు ఎవరికొచ్చింది? ఆస్తి ఉండి పన్ను కట్టేవాళ్లకు. ఆడవాళ్లలో తమ పేరున ఆస్తి ఉన్నవాళ్లెందరు? ఇది క్లాసులో అర్థమయ్యేలా చెప్పడానికి పెద్ద బోర్డు లెక్కలు అక్కర్లేదు. క్లాస్ లీడర్ ఎన్నిక పెట్టి, జామెట్రీ బాక్స్ ఉన్నవాళ్లకే ఓటు అనాలి. గోల మొదలవుతుంది. అప్పుడు 1935 చట్టంలా ఇంకో మెట్టు దిగి, బాక్స్ ఉన్నవాళ్ల పక్కన కూర్చునేవాళ్లకు కూడా ఇస్తామనాలి. ఆ చట్టంలో ఆస్తి ఉన్న ఓటరుకు భార్య అయితే, లేదా చదవడం రాయడం వస్తే కొన్ని షరతుల మీద ఓటిచ్చారు. రెండో మెట్టుకు గోల తగ్గదు, రెట్టింపవుతుంది. పక్కన కూర్చోవడమే అర్హతైతే నన్నెందుకు వెనక బెంచీలో వేశారని అడిగే పిల్ల ఒక్కతైనా ఉంటుంది. అఖిల భారత మహిళా సభ పెద్దలు అడిగిందీ దాదాపు అదే. మొగుడి లెక్కన కాదు, వయసొచ్చిన అందరికీ ఇవ్వమన్నారు.

మార్గరెట్ ఆ సభకు 1936లో అధ్యక్షత వహించారు. అంతకుముందు, వాక్‌స్వాతంత్ర్యాన్ని నొక్కేసే ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు ఏడాది శిక్షపడి వేలూరు జైల్లో ఉన్నారు. 1940ల్లో పక్షవాతంతో మంచం పట్టారు, 1954లో అడయారులో కన్నుమూశారు. అప్పటికి రాజ్యాంగం వచ్చింది. దాన్ని రాసిన సభలో 15 మంది మహిళలు, అందులో మన రాజమండ్రి దుర్గాబాయి ఒకరు. 21 ఏళ్లు నిండిన ఆడా మగా అందరికీ ఒక్క కలంపోటుతో ఓటు.

ఇక్కడ కథ ముగిస్తే పాఠం చక్కగా కుదిరేది. కానీ 1951-52 ఎన్నికలకు జాబితాలు రాయడానికి ఇంటింటికీ వెళ్లినవాళ్లకు, ఉత్తరాది రాష్ట్రాల్లో మరీ ఎక్కువగా, ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వాడి పెళ్లాన్ని, ఫలానా వాడి తల్లిని అన్నారు. పేరు లేకుండా ఓటరెలా అవుతారని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ సుమారు 28 లక్షల నమోదులు కొట్టేయించారు.

తర్వాతి పేజీలు ఇంకా చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఆడ ఓటర్లే మగవాళ్లకన్నా ఎక్కువ. పార్టీల మేనిఫెస్టోలు ముందు వాళ్ల పేరే తలుస్తాయి. ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు వాళ్లవే. అయినా పంచాయతీ ఆఫీసుకు వెళితే సర్పంచ్ గారి భర్త కుర్చీలో కనబడటం వింతేమీ కాదు. 119 మంది ఉండే తెలంగాణ శాసనసభకు 2023లో గెలిచిన మహిళలు 10 మంది. అదే ఏడాది పార్లమెంటు, లోక్‌సభలోనూ శాసనసభల్లోనూ మూడో వంతు సీట్లు మహిళలకు కేటాయిస్తూ రాజ్యాంగ సవరణ చేసింది. మరి ఎప్పటినుంచి అని అడిగే పిల్లలకు, జనగణన జరగాలి, ఆ లెక్కలతో నియోజకవర్గాల హద్దులు తిరిగి గీయాలి, అప్పుడు అని ఆ చట్టంలోనే రాసి ఉందని చెప్పాలి. జనగణన అంటే ఏమిటన్నది ఇంకో పాఠం, దానికి ఇంకో పీరియడ్ కావాలి.