'అబామినేషన్' అను పదము పుట్టుక

పరమహేయమైన దానిని ఆంగ్లేయులు 'అబామినేషన్' అందురు. 1611 నాటి ఆంగ్ల బైబిలున తప్పుడు త్రాసును సైతము ఈ మాటతోనే నిందించిరి. మూలము లాటిన్. 'ఆబ్' అనగా దూరముగా. 'ఓమెన్' అనగా శకునము. అపశకునమని జడిసి తొలగుట దీని తొలి యర్థము. మన 'అప' యను నుపసర్గయు, ఆ 'ఆబ్' అనునదియు ఏకమూలజములు.

మధ్యయుగ పండితులు కొందఱు శకునమును మఱచిరి. లాటినున 'హోమో' యనగా మనుష్యుడు గదా, ఇది 'అమానుషము' కావలెనని యూహించి, పదమధ్యమున లేని హకారమును జొనిపిరి. 1598లో అచ్చుపడిన 'లవ్స్ లేబర్స్ లాస్ట్' నాటకమున షేక్‌స్పియరు, ఆ హకారమును పలుకనివానిపై మండిపడు హోలోఫర్నీసను బడిపంతులును సృష్టించి నవ్వించెను. మా వృత్తివాడే దొరకెను పాపము! హకారము 17వ శతాబ్దమున జారిపోయెను. అమానుషమను నర్థచ్ఛాయ మాత్రము ఆ పదమును నేటికిని విడువలేదు.