చెట్టు ఒకరిది, తొవ్వ ఒకరిది

వాంకూవర్ నుంచి బరార్డ్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ దాటి ఉత్తరం దిక్కుకు వస్తే కొండలు నిట్టనిలువుగా లేస్తాయి. వరంగల్ మట్టెవాడ నుంచి మా దగ్గరికి వచ్చిన మా నాయన ఆ కొండలను చూసి, "నా మోకాళ్లతోని కాదు బిడ్డా, నేను కార్ల కూసుంట, మీరు పోయి రాండ్రి" అన్నాడు. తీరా అడవిలో అడుగు పెడితే దారి చదునుగా ఉంది, ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడిచేంత వెడల్పుగా ఉంది. జలపాతం దాకా ఆయనే ముందు నడిచాడు. తిరిగొచ్చాక జలపాతం ఊసే ఎత్తలేదు. "గింత కొండల గింత సాపు తొవ్వ ఎవలేసిండ్రు? ఎందుకేసిండ్రు?" అని అడిగాడు. జీవితమంతా రోడ్ల కాంట్రాక్టర్ల దగ్గర లెక్కలు రాసిన మనిషి. ఊరికే ఎవరూ దారి వేయరని ఆయనకు తెలుసు.

ముందు అడవి సంగతి చెప్పాలి. మనకు వాన అడవి అంటే ఉక్క, తీగలు, పాములు గుర్తుకొస్తాయి. ఇది చల్లటి వాన అడవి. నేల మీద ఫెర్న్ మొక్కలు, మాను మీద పాకుడు, ఆ పాకుడు మీద మళ్లీ ఇంకో మొక్క. వరంగల్‌లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల అటూఇటూ వాన పడితే, ఈ కొండవాలుల్లో రెండు వేలు దాటుతుంది. అదీ ఎక్కువగా చలికాలంలోనే. మీరు మృగశిర కార్తె కోసం మొగులు దిక్కు చూసే రోజులకు ఇక్కడ వాన వెనకపడుతుంది. బొగత జలపాతం వానాకాలంలో ఉరుకుతుందని మనకు తెలుసు. ఇక్కడివి నవంబరు, డిసెంబరుల్లో ఒకసారి, మంచు కరిగే మే నెలలో ఇంకోసారి ఉరుకుతాయి. జలపాతం దగ్గర మిర్చి బజ్జీల బండి మాత్రం ఏ కాలంలోనూ ఉండదు. ఈ దేశం మీద నాకున్న పెద్ద ఫిర్యాదుల్లో అదొకటి.

ఇక నాయన ప్రశ్న. ఈ దారుల్లో చాలావాటిని మనుషులు నడవడానికి వేయలేదు, దుంగలు నడవడానికి వేశారు. 1865లో ఈ సముద్రపు పాయ ఒడ్డున తరువాత హేస్టింగ్స్ మిల్లు అని పేరుపడ్డ రంపపు మిల్లు కట్టడం మొదలైంది. అప్పటికి వాంకూవర్ నగరమే లేదు. అది నగరమైంది 1886లో, అయిన రెండు నెలలకే కాలి బూడిదయింది కూడా. మిల్లుకు దుంగలు కావాలి. కొండ మీద నరికిన మానును నీళ్ల దాకా ఈడ్చాలి. అందుకని అడవిలో వీలైనంత చదునుగా దారి తీసి, దానికి అడ్డంగా చిన్న దుంగలు పరిచి, వాటి మీద డాగ్‌ఫిష్ అనే చిన్న సొరచేప నూనె పూసేవారు. దుంగ జారడానికన్న మాట. ఈడ్చేవి ఎడ్లు. ఒక్క జత కాదు, వరసగా కట్టిన జతలు జతలు. నూనె డబ్బా పట్టుకుని ఎడ్ల ముందు పరుగెత్తడానికి ఒక పిల్లగాణ్ణి పెట్టుకునేవారు. ఇప్పుడు మనం పిల్లల్ని తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని హాయిగా తిరిగే వాంకూవర్ స్టాన్లీ పార్కు బాటల్లో కొన్ని ఆ ఎడ్ల బాటలే.

ఈ మాట తెలిశాక అడవి వేరుగా కనబడింది. ఆదికాలం నుంచి ఉందనిపించే అడవిలో చాలా భాగం వందేళ్ల కింద మళ్లీ మొలిచినదే. సాక్ష్యం కళ్ల ముందే ఉంటుంది: పది మంది చేతులు పట్టుకుంటే తప్ప చుట్టుకోలేని సీడర్ మొద్దులు, ఒక్కో మొద్దుకు నేల నుంచి మనిషి ఎత్తున గాట్లు. అడుగున మాను మరీ లావు, జిగురు ఎక్కువ. అందుకని గాటు పెట్టి, అందులో పలక దూర్చి, దాని మీద నిలబడి ఇద్దరు మనుషులు రంపం లాగేవారు. ఇప్పుడు ఆ మొద్దుల నెత్తి మీదే హెమ్లాక్ చెట్లు వేళ్లు దించుకుని నిలబడ్డాయి.

ఆ గాట్లు చూసినప్పుడల్లా నాకు జనగామ దగ్గర మా అమ్మమ్మ ఊరి తాటివనం కళ్లలో మెదులుతుంది. తెల్లారకముందే గౌండ్ల మామ మోకు భుజానేసుకుని, నడుముకు ముస్తాదు కట్టుకుని వచ్చేవాడు. తాటి చెట్టు మనకేమేమి ఇచ్చిందో మీకు నేను చెప్పనక్కర లేదు. కల్లు, ముంజలు, గేగులు, ఇంటి మీదికి కమ్మలు, ఇంటికి దూలాలు, మాను తొలిస్తే దోనె. ఈ తీరపు ఆదివాసులైన స్క్వామిష్ ప్రజలకు ఎర్ర సీడర్ అచ్చంగా అదే. మాను తొలిస్తే పడవ, చీలిస్తే ఇంటి పలకలు, వంచితే నీళ్లు కారని పెట్టె, బెరడు నానబెట్టి దంచితే తాడు, చాప, టోపీ, పసిపిల్ల పక్కబట్ట. చెట్టు పాలు పైకెక్కే వసంతకాలం చివర బెరడు తీస్తారు. ముందు చెట్టుకు నాలుగు మాటలు చెప్పి, ఒక పక్కన సన్నటి పట్టీ మాత్రమే లాగుతారు. మిగతా బెరడుతో చెట్టు ఇంకో కొన్ని వందల ఏళ్లు బతుకుతుంది. గీత కత్తి కూడా గెల కొననే కోస్తుంది కదా, మానును కాదు.

ఇంకా చెప్తాను వినండి. మన దగ్గర పొలం పటేలుది, పొలం గట్టు మీది తాడు గీసే హక్కు గౌండ్లాయనది, చెట్టు పన్ను సర్కారుది. నిజాం ఖజానాకు ఆబ్కారీ ఎంత పెద్ద రాబడో మన పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు. ఆ వృత్తిలో నుంచి లేచినవాడే 1708లో వరంగల్ మీద పడ్డ సర్వాయి పాపన్న. ఇక్కడా భూమి ఒకరిది, చెట్టు ఒకరిది. బ్రిటిష్ కొలంబియా భూమిలో 94 శాతం ఈనాటికీ సర్కారు పేరు మీదే ఉంది. చెట్లు నరుక్కునే లైసెన్సు మాత్రం కంపెనీలకు. 1905లో ఆ లైసెన్సులను చేతులు మార్చుకోవచ్చని చట్టం చేసేసరికి, గొడ్డలి పట్టనివాళ్లు కూడా అడవులు కొని అమ్ముకున్నారు.

నా పోలిక ఇక్కడిదాకా నడిచి ఆగిపోతుంది. మన దగ్గర పన్ను వేసినా గీసేవాణ్ణి చెట్టు దగ్గరికి రానిచ్చారు. ఇక్కడ రానివ్వలేదు. 1871లో ఈ ప్రాంతం కెనడాలో కలిసేనాటికే ఆదివాసులను చిన్న చిన్న ముక్కల్లోకి నెట్టడం మొదలైంది. వాంకూవర్ ద్వీపంలో కొంత, ఈశాన్యంలో కొంత మినహాయిస్తే మిగతా నేలకు అప్పట్లో వాళ్లతో ఒప్పందం రాసుకున్నదే లేదు. ఇప్పుడు ఇక్కడ ప్రతి సభకు ముందు "ఈ నేల ఫలానా జాతులది, వాళ్లు ఎవరికీ ఇవ్వలేదు" అని చదువుతారు. చదివి, కూర్చుని, ఎజెండాలోకి వెళతారు. మొదట్లో నాకది గొప్ప సంస్కారం అనిపించింది. ఇప్పుడు సగం సంస్కారం అనిపిస్తుంది.

స్టాన్లీ పార్కు 1888లో తెరిచారు. అప్పటికి అక్కడ ఖ్వైఖ్వై అనే ఊరుంది. తరతరాలు తిని పారేసిన ఆల్చిప్పలు అక్కడ గుట్టలుగా పేరుకుని ఉండేవి. ఆ గుట్టలు తవ్వి, ఆ చిప్పలనే పార్కు చుట్టూ రోడ్డుకు పరిచారు. ఆ గుట్టల్లో మనుషుల ఎముకలు కూడా బయటపడ్డాయి. పార్కులో మిగిలిపోయిన కుటుంబాల మీద ఆక్రమణదారులని కేసు వేస్తే, అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1925లో కుటుంబాలు ఓడిపోయాయి. చివరికి టిమ్ కమింగ్స్ అనే ఆయన ఒక్కడు 1958లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఇంత చక్కని రోడ్డు ఎవరేశారని నాయన అడిగితే ఇదంతా చెప్పాను. ఆయన కాసేపు రోడ్డు దిగి గడ్డి మీద నడిచాడు.

ఆ పార్కు గట్టు మీద నుంచి చూస్తే బరార్డ్ ఇన్‌లెట్ నీళ్లు కనిపిస్తాయి. 1914 మే 23న కోమగట మారు ఓడ ఆ నీళ్లలో లంగరేసింది. 376 మంది, ఎక్కువమంది పంజాబీ సిక్కులు. రెండు నెలలు ఓడ దిగనివ్వలేదు. అప్పటికే ఇక్కడున్న ఇరవై చిల్లర మందిని తప్ప మిగతావాళ్లను జూలై 23న వెనక్కు తరిమారు. చిత్రమేమిటంటే అప్పటికే ఈ తీరంలోని రంపపు మిల్లుల్లో దుంగలు మోసేవాళ్లలో పంజాబీలు బోలెడుమంది. చెమట కావాలి, మనిషి వద్దు. మనవాళ్లకు ఓటు హక్కు 1947 దాకా రాలేదు. మన తెలుగువాళ్లం ఎప్పుడో ఆలస్యంగా, కంప్యూటర్లు పట్టుకుని, విమానం దిగి వచ్చినవాళ్లం. ఆ బరువు మోసినవాళ్ల భుజాల మీదుగా దాటి వచ్చామన్న సంగతి మన సంఘాల సభల్లో పెద్దగా వినిపించదు.

జపాన్‌వాళ్లదీ ఇలాంటి కథే. మా ఇంటికి దగ్గరలోని సీమోర్ లోయలో ఎయికిచి కగెట్సు అనే వ్యాపారి 1920ల ముందూ వెనకా అడవి కొట్టించాడు. అతని కూలీలుండిన శిబిరాన్ని రాబర్ట్ మకల్ అనే పురావస్తు అధ్యాపకుడు తన విద్యార్థులతో ఏళ్ల తరబడి తవ్వాడు. అన్నం గిన్నెలు, సాకే సీసాలు, స్నానాల గది ఆనవాళ్లు దొరికాయి. పని అయిపోయాక కూడా కొందరు అక్కడే ఉండిపోయారనీ, 1942 దాకా ఉండవచ్చనీ ఆయన ఊహ. 1942లో ఈ తీరంలోని జపాన్ సంతతివాళ్లను, సుమారు 22,000 మందిని, లోపలి శిబిరాలకు తరలించి ఇళ్లూ పడవలూ అమ్మేశారు. మళ్లీ తీరానికి రానిచ్చింది 1949లో.

ఇంత బరువు మాటల మధ్య షానన్ జలపాతం కథ కొంచెం తేలిక. స్క్వామిష్ పట్టణానికి వెళ్లే హైవే పక్కనే ఉంటుంది, 335 మీటర్ల ఎత్తు, కారు దిగి కాసేపు నడిస్తే చాలు. రెండు తలల సముద్రపు పాము కొండెక్కుతూ పాకిన జాడే ఆ నీటి దారి అని స్క్వామిష్‌వాళ్లు చెబుతారు. తరువాత అక్కడ విలియం షానన్ ఇటుకలు కాల్చాడు. ఆ తరువాత అది కార్లింగ్ ఓకీఫ్ అనే బీరు కంపెనీ ఆస్తి అయింది, 1980లలో సర్కారు పార్కు అయింది. జలపాతానికి బీరు కంపెనీ యజమాని అంటే నాయన ఎంతసేపు నవ్వాడో.

అక్టోబరు వచ్చిందంటే మాత్రం ఈ అడవి నాకు పనికిరాదు. వాన మొదలవుతుంది, మీరు మట్టెవాడ భోగేశ్వరస్వామి గుడి దగ్గర బతుకమ్మలు పేరుస్తుంటారు. ఇంత పచ్చని అడవిలో తంగేడు లేదు, గునుగు లేదు. కొట్లో కొన్న చామంతులతో హాలులో బతుకమ్మ ఆడి, ప్లాస్టిక్ తొట్టిలో నిమజ్జనం చేస్తాం. బయట వాగులు నిండుగా పారుతుంటాయి, వాటిలో పువ్వు వేయడానికి మనసొప్పదు.

ఎవరైనా ఈ వైపు వస్తే వాంకూవర్ ద్వీపంలోని టోఫినో దాకా వెళ్లి, అక్కణ్ణుంచి పడవలో మేర్స్ ద్వీపం చూడండి. 1984లో ఆ ద్వీపాన్ని నరకడానికి కంపెనీ సిద్ధమైతే, త్లా-ఓ-క్వి-అత్, అహౌజత్ జాతులవాళ్లు అడ్డం నిలబడి కోర్టుకు పోయారు. వాళ్లు చూపిన సాక్ష్యాల్లో బెరడు పట్టీ తీసిన చెట్ల మచ్చలు కూడా ఉన్నాయి. మచ్చ ఏ ఏటిదో మానులోని వలయాలు లెక్కపెట్టి చెప్పవచ్చు. 1985లో కోర్టు నరుకుడు ఆపించింది. దస్తావేజు లేనివాళ్లకు చెట్టే దస్తావేజు అయింది. అక్కడ పెద్ద సీడర్ల మధ్య పలకల బాట ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా మొదటి భాగం సులువుగా నడవవచ్చు. వానలో పలకలు జారుతాయి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. పడవ టికెట్టుతో పాటు ఆ జాతివాళ్లకు కొంత రుసుము కట్టాలి. నాయన అది చెట్టు పన్నేనా అని అడిగి, అవునంటే తన జేబులోంచే తీసి కట్టాడు.