పెనాల్టీ బాక్స్‌లో నియ్యత్ ఎవరికి కనిపిస్తుంది?

రెఫరీ పెనాల్టీ ఇవ్వగానే టీవీ ముందు బహస్ మొదలవుతుంది. ఒకరు "కావాలనే పడేశాడు" అంటారు. ఇంకొకరు "బాల్ కోసమే వెళ్లాడు కదా" అంటారు. తగువంతా ఒక్క మాట చుట్టూనే: నియ్యత్. జరిగిన పని చూడాలా, దాని వెనక ఉన్న నియ్యత్ చూడాలా? 130 ఏళ్లకు పైగా ఫుట్‌బాల్ ఖానూన్ ఈ సవాల్‌కు జవాబు వెతుకుతూనే ఉంది.

పెనాల్టీ ఆలోచన ఐర్లాండ్‌లోని మిల్‌ఫర్డ్ ఊరి గోల్‌కీపర్ విలియం మెక్రమ్‌ది. గోల్ ఖాయం అనుకున్నప్పుడు డిఫెండర్లు కాలు అడ్డంపెట్టి పడేయడం ఆయన గోల్ ముందు నిలబడి చూసినవాడు. 1890లో ఐరిష్ సంఘం ఈ తజ్వీజ్ పెడితే ఇంగ్లండ్ పెద్దమనుషులకు కోపం వచ్చింది. షరీఫ్ ఆటగాడు కావాలని ఫౌల్ చేస్తాడా? ఇది మా షరాఫత్ మీద తోహ్మత్ కాదా? ఇదీ వాళ్ల ఎతిరాజ్.

1891 ఫిబ్రవరిలో ఎఫ్ఏ కప్ క్వార్టర్ ఫైనల్ ఆ షరాఫత్ పర్దా తీసేసింది. ఆఖరి నిమిషాల్లో స్టోక్ జట్టు కొట్టిన బాల్‌ను నాట్స్ కౌంటీ ఆటగాడు గోల్ గీత మీద చేత్తో ఆపేశాడు. అప్పటి ఖాయిదా ప్రకారం దక్కింది మామూలు ఫ్రీ కిక్కే. కీపర్ బాల్‌కు అడ్డంగా నిలబడి దాన్నీ ఆపాడు. స్టోక్ 1-0తో ఓడిపోయింది. అదే ఏడాది జూన్ 2న గ్లాస్గోలో పెనాల్టీ ఖానూన్ మంజూరైంది.

గోల్ గీతకు 12 గజాల లోపల ఉద్దేశపూర్వకంగా కాలు అడ్డంపెట్టినా, మనిషిని పట్టుకున్నా, బాల్‌ను చేత్తో ఆపినా పెనాల్టీ. అంటే మొదటి ఖానూన్‌కు పునాది నియ్యతే. కానీ దిల్‌లో ఉన్నది రెఫరీకి ఎలా తెలుస్తుంది? అందుకే 1995లో ఫౌల్స్ నుంచి ఆ షరతు తీసేశారు. అజాగ్రత్తగా, దూకుడుగా, మితిమీరిన బలంతో ఆడితే చాలు, కావాలని చేశాడా లేదా అనవసరం.

అయితే నియ్యత్ పూర్తిగా పోలేదు. హ్యాండ్‌బాల్‌లో మిగిలిపోయింది. చెయ్యి అసహజంగా చాచి ఒంటిని వెడల్పు చేశాడా అన్న కొలత 2019లో దానికి తోడైంది. 2016 నుంచి, ఖాయమైన గోల్ అవకాశాన్ని బాక్స్‌లో చెడగొట్టినా, నిజంగా బాల్ కోసమే ప్రయత్నించినవాడికి ఎర్ర కార్డు బదులు పసుపు కార్డు ఇస్తున్నారు. నియ్యత్ ఒక దర్వాజా నుంచి వెళ్లి ఇంకో దర్వాజా నుంచి వచ్చింది.

నియ్యత్ అందరికీ కనిపించినా ఇన్సాఫ్ జరుగుతుందా? 2010 జులై 2న జోహానెస్‌బర్గ్‌లో ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్. అదనపు సమయం చివర్లో గానా గోల్‌ను ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ గీత మీద చేత్తో ఆపాడు. ఫైస్లాలో లోపం లేదు: ఎర్ర కార్డు, పెనాల్టీ. అసమోవా జ్యాన్ కిక్ క్రాస్‌బార్‌కు తగిలింది. షూటౌట్‌లో గానా 4-2తో ఓడింది. సెమీఫైనల్ చేరే తొలి ఆఫ్రికా దేశం కావాల్సింది. ఆ ఇజ్జత్ 2022లో మొరాకోకు దక్కింది.

స్టోక్‌కు జరిగిందే గానాకూ జరిగింది, ఈసారి ఖానూన్ ఉండగానే. పోయిన గోల్‌ను పెనాల్టీ వాపస్ ఇవ్వదు, ఒక మౌకా మాత్రమే ఇస్తుంది. చెయ్యి అడ్డంపెట్టేవాడు ఆ తేడాను లెక్క వేసుకునే పెడతాడు. ఫౌల్ ఏదో ఎంత బాగా రాసుకున్నా, ఈ లెక్క సరిచేయనంత కాలం బహస్ ఆగదు.