ముందు ఎవరిని అడుగుతాం?

'అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం' అని మన పెద్దవాళ్ళు సరదాగా అంటుంటారు. ఆ సామెతలో ఓ సొగసుంది, గమనించారా? ఎవరిని అనుమానించడానికి మనకి మనసొప్పదో, సరిగ్గా వాళ్ళ వైపే అది వేలు చూపిస్తుంది. కాని సామెతలో జరిగేది బడిలో జరగదు. తరగతిలో ఓ పిల్ల పెన్ను పోయిందనుకోండి. టీచరుగారి చూపు మొదటి బెంచీ మీదికి వెళ్తుందా, వెనక గోడవారగా కూర్చున్న తండా పిల్ల మీదికి వెళ్తుందా? జవాబు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ చూపు నిన్నా మొన్నా పుట్టింది కాదు. దాని వయసు నూటయాభై ఏళ్ళు దాటింది.

రైళ్ళూ రోడ్లూ లేని రోజుల్లో మన వంటింట్లోకి ఉప్పు ఎలా వచ్చేదో ఎప్పుడైనా ఆలోచించారా? లంబాడీలు ఎద్దుల బారుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగేవారు. రాజుల సైన్యాలకి సైతం వాళ్ళే తిండిగింజలు మోసిపెట్టేవారు. అప్పుడు వాళ్ళు రాకపోతే దిగులు, వస్తే పండగ. 1889 నాటికి సికింద్రాబాదు నుంచి బెజవాడ దాకా రైలు పడింది. జనగామ, మహబూబాబాద్ ఆ దారిలోని స్టేషన్లే. గూడ్సు బండి వచ్చాక ఎద్దుతో పనేముంది? బతుకుదెరువు పోయినా తిరుగుడు మానని వాళ్ళని చూస్తే సర్కారుకి అనుమానం.

ఆ అనుమానాన్నే బ్రిటిషువాళ్ళు 1871లో చట్టం చేశారు. కొన్ని జాతులకి పుట్టుకే నేరం అన్నారు. పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి, పోలీసులకి హాజరు చెప్పుకోవాలి, చెప్పకుండా ఊరు కదలకూడదు. 1911లో ఆ చట్టాన్ని మద్రాసు వైపుకీ తెచ్చారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా అందులో వుంది. 'నీ తల్లి దగ్గర వుంటే నువ్వు చెడిపోతావు' అని ఓ పసిపిల్లతో చట్టమే చెప్పిందన్నమాట! బాపట్ల దగ్గర స్టువార్టుపురం ఎరుకల వాళ్ళ కోసం వెలిసింది ఆ రోజుల్లోనే. నిజాం రాజ్యం బ్రిటిషు ఇండియాలో భాగం కాదు నిజమే, కాని ఆ చూపు పొలిమేర దగ్గర ఆగిపోయే రకం కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. రిజిస్టర్లు అటకెక్కాయి. చూపు మాత్రం బడిలోకి వచ్చి కూర్చుంది. పైగా ఆంధ్ర వైపు లంబాడీలకి ముందే దొరికిన షెడ్యూల్డు తెగ గుర్తింపు తెలంగాణ వైపు వాళ్ళకి 1976 చట్టంతో గాని రాలేదు. ఈలోగా చదువుకోవలసిన వయసు దాటిపోయిన ఆడపిల్లలు ఎందరో!

తండా పిల్ల ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి. ఆ భాషకి సొంత లిపి లేదు. ఒకటో తరగతిలో తెలుగు అర్థంకాక ఊరుకుంటే 'మొద్దు' అంటారు. నేర్చుకుని ఎదురు ప్రశ్న వేస్తే 'పొగరు' అంటారు. రెండేళ్ళు ఆలస్యంగా బడిలో చేరి కాస్త ఎత్తుగా కనిపిస్తే 'ముదిరిపోయింది' అంటారు. ఆ పిల్ల ఎలా వుంటే బాగుంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. లంబాడీ అద్దాల పని చేసిన జాకెట్టు మనకి పెళ్ళిళ్ళలో ముచ్చటగా వుంటుంది. అదే పని వాళ్ళమ్మ ఒంటి మీద చూస్తే బస్సులో చేతిసంచీ దగ్గరికి లాక్కుంటాం. ఏమాటకామాటే చెప్పుకోవాలి కదా!

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో క్లాడెట్ కాల్విన్ అనే నల్లజాతి అమ్మాయి 1955 మార్చిలో, పదిహేనేళ్ళ వయసులో, మాంట్‌గొమరీ బస్సులో తెల్లవాళ్ళకి సీటు వదలనంటే చేతులకి సంకెళ్ళు వేశారు. ఆమె మీద పడిన నేరపు ముద్రని కోర్టు తుడిచేసింది 2021లో. అప్పటికామెకి ఎనభై రెండేళ్ళు! 2017లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వాళ్ళు అక్కడి పెద్దల్ని అడిగి చూస్తే, ఐదేళ్ళ నల్లపిల్లని కూడా తెల్లపిల్ల కన్నా పెద్దదానిలా, తక్కువ అమాయకురాలిలా చూస్తున్నారని తేలింది. అలాంటి పిల్లకి ఓదార్పూ రక్షణా తక్కువైనా ఫరవాలేదట! 'ముదిరిపోయింది' అనే మాటకి అది ఇంగ్లీషు అనువాదంలా లేదూ?

బడిలో మొదలైన మాట కోర్టు దాకా నడుస్తుంది. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ఆ జిల్లా ఉత్తరపు కొసన వున్న దేసాయిగంజ్ పోలీసు స్టేషనులో, 1972లో ఓ గిరిజన బాలిక మీద పోలీసులే అత్యాచారం చేశారని కేసు. వయసు పద్నాలుగూ పదహారూ మధ్య అన్నారు డాక్టర్లు. సెషన్స్ కోర్టు ఆ పిల్లనే అబద్ధాలకోరు అంది. హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు, ఒంటి మీద గాయాల్లేవు కదా అంటూ, పోలీసుల్ని వదిలేసింది. మర్నాటి ఏడు నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పుని తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. ఊరూరా ఆడవాళ్ళు వీధికెక్కారు. 1983లో చట్టం మారింది. పోలీసు నిర్బంధంలో జరిగిన అత్యాచారం కేసులో, తను ఒప్పుకోలేదని ఆడది చెబితే కోర్టు ముందుగా ఆమె మాటనే నమ్మాలన్నారు. నోరులేని ఆ పిల్ల వల్ల దేశంలోని ఆడవాళ్ళందరికీ మేలు జరిగింది. ఆమెకి మాత్రం న్యాయం జరగలేదు.

2024 అక్టోబరులో సుప్రీంకోర్టు మరో మంచి మాట చెప్పింది. జైళ్ళలో కులాన్నిబట్టి పని పంచకూడదనీ, పూర్వం నేరస్థ జాతులన్నవాళ్ళని పుట్టుకతోనే నేరస్థులుగా చూడకూడదనీ. 1952లో అయిపోయిందనుకున్న మాటని డెబ్భైరెండేళ్ళ తర్వాత మళ్ళీ చెప్పవలసి వచ్చిందంటే, చూపు మారడానికి చట్టం ఒక్కటే చాలదన్నమాట.

చట్టాలు జడ్జీలు చూసుకుంటారు. పిల్లల మాటలు మన ఇళ్ళల్లో తయారవుతాయి. మన అమ్మాయి సాయంత్రం బడినుంచి వచ్చి పెన్ను పోయిందని చెప్పిందనుకోండి. 'ఎవరు తీశారే?' అనకుండా, 'ఎక్కడ పెట్టావే?' అని అడిగి చూద్దాం. సగం పెన్నులు సంచీ అడుగునే దొరుకుతాయి.