పోయిన రాజులు, మిగిలిన చెరువులు

రాయ్‌పూర్ నుంచి దుర్గ్ వైపు వెళ్లే రహదారిపై ఖారూన్ నదిని దాటగానే కుమ్హారి వస్తుంది. పేరు వినగానే మన కుమ్మరివాడ గుర్తుకు వచ్చే ఈ ఊరు నేడు భిలాయి పారిశ్రామిక ప్రాంతంలో కలిసిపోయింది. సోవియట్ సహకారంతో నిర్మితమైన భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి కొలిమిని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విశాఖపట్నం సీమల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ పరిసరాల్లో స్థిరపడ్డాయి. అందువల్ల ఈ ప్రాంతానికి చరిత్ర అంటే ఉక్కు చరిత్రేనని చాలామంది భావిస్తారు. కానీ రాష్ట్రం పేరులో, ఊరి చెరువులో, పెద్దమనిషిని పిలిచే పిలుపులో అంతకంటే ఎంతో పాత పాలకుల జాడలు కనిపిస్తాయి.

గతించిన రాజ్యాలు వర్తమాన సమాజంలో ఏ రూపంలో జీవిస్తాయన్న ప్రశ్నను చైనా విషయంలో చరిత్రకారులు ఎక్కువగా వేసుకున్నారు. ఆ ప్రశ్ననే మన నేలపై వేసి చూడటం ఈ వ్యాస ఉద్దేశం. చైనాను, ఛత్తీస్‌గఢ్‌ను, తెలుగు దేశాన్ని ఒకేచోట చేర్చడం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ ఈ మూడింటినీ మొదట కలిపినవాడు ఒక చైనా యాత్రికుడే. క్రీ.శ. 7వ శతాబ్దంలో హ్యూయాన్‌త్సాంగ్ కళింగం నుంచి కోసలకు, అక్కడి నుంచి ఆంధ్రకు, ఆపై ధాన్యకటకానికి ప్రయాణించాడు. ఆ కోసలమే దక్షిణ కోసలమని, నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతమని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. దాని రాజధాని ఎక్కడన్న దానిపై భేదాభిప్రాయాలున్నా పలువురు సిర్పూర్ వైపే మొగ్గు చూపుతారు. నాగార్జునాచార్యుని కోసం ఒక శాతవాహన రాజు కొండను తొలిపించి విహారం కట్టించిన కథను ఆ యాత్రికుడు ఈ కోసల వర్ణనలోనే నమోదు చేశాడు.

చైనా: వంశం కూలినా నిలిచిన వ్యవస్థ

క్రీ.పూ. 221లో చిన్ షి హువాంగ్ ఏడు రాజ్యాల చైనాను ఏకం చేశాడు. వంశపారంపర్య సామంతులను తొలగించి, దేశాన్ని 36 విభాగాలుగా పంచి, ప్రతి విభాగానికీ తాను నియమించిన అధికారులను పంపాడు. లిపిని, తూనికలను, కొలతలను, చివరకు బండి ఇరుసు వెడల్పును కూడా ఏకరీతిగా చేయించాడు. పుస్తకాలను తగలబెట్టించిన చక్రవర్తీ అతడే. ప్రజలను వెట్టి పనులతో అణచిన ఆ వంశం పదిహేనేళ్లకు మించి నిలవలేదు. అయితే దానిని కూలదోసి వచ్చిన హాన్ రాజులు ఆ పాలనా చట్రాన్ని పారవేయలేదు, సవరించి వాడుకున్నారు. ఆనాటి చిన్న పాలనా విభాగమైన ‘శియెన్’ అదే పేరుతో నేటి చైనా గణతంత్రంలోనూ కొనసాగుతోంది. బీజింగ్ వాసి, కాంటన్ వాసి మాట్లాడుకుంటే ఒకరి మాట మరొకరికి అర్థం కాకపోవచ్చు, కానీ ఇద్దరూ ఒకే పత్రికను చదవగలరు. లిపి ఏకీకరణ ఫలమది.

అధికారులను పరీక్ష ద్వారా ఎంపిక చేసే పద్ధతి సూయీ వంశ కాలంలో, 7వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో రూపుదిద్దుకుని 1905లో రద్దయ్యే దాకా సాగింది. కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలు అందులో పాఠ్యాంశాలు. ఈ పద్ధతి గురించి ఐరోపాలో సాగిన చర్చ బ్రిటిష్ సివిల్ సర్వీసు సంస్కరణల మీద కొంత ప్రభావం చూపిందని చెప్పే చరిత్రకారులున్నారు. 1855 నుంచి ఇండియన్ సివిల్ సర్వీసుకు పోటీ పరీక్షలు మొదలైన సంగతిని ఆ వెలుగులో చూస్తే, నేడు పరీక్ష రాసి కొలువులో చేరిన మనలాంటివారికి కూడా ఆ దూరపు వారసత్వంలో పాలు ఉన్నట్టే. చైనాలో సాంస్కృతిక విప్లవ కాలంలో ఆగిపోయిన విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షను 1977లో పునరుద్ధరించినప్పుడు, చదువుతో తలరాత మారుతుందన్న పాత నమ్మకం కూడా తిరిగి లేచి నిలిచింది.

ఈ కొనసాగింపు సాఫీగా జరగలేదు. 1919 ఉద్యమంలో యువకులు కన్ఫ్యూషియస్‌ను ప్రగతికి ఆటంకంగా భావించారు. 1966లో చూఫూలోని ఆయన సమాధిపై రెడ్‌గార్డులు దాడి చేశారు. అదే దేశం 2004 నుంచి ఆయన పేరుతో విదేశాల్లో భాషా సంస్థలు తెరిచింది. అంటే గతం తనంతట తాను మనల్ని మలచదు. ఏది ఉంచుకోవాలో, దేనిని వదలాలో ప్రతి తరమూ ఎంచుకుంటుంది. ఆ ఎంపికలో అధికారంలో ఉన్నవారి అవసరాలు కూడా పనిచేస్తాయి.

చైనా వారసత్వాల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి కోటగోడలు కావు. సిచువాన్‌లోని దూజియాంగ్‌యెన్ నీటి కట్టడం. క్రీ.పూ. 256 ప్రాంతంలో చిన్ రాజ్య అధికారి లీ బింగ్ మిన్ నదికి అడ్డంగా ఆనకట్ట వేయకుండా, ప్రవాహాన్ని రెండుగా చీల్చి పొలాలకు మళ్లించాడు. రాళ్లు నింపిన వెదురు బుట్టలే నాటి సామగ్రి. నేటికీ దాని కింద 6 లక్షల హెక్టార్లకు పైగా సాగవుతోంది. రహస్యం రాళ్లలో లేదు. నీరు తగ్గిన చలికాలంలో కాలువల పూడిక తీసి గట్లు సరిచేసే ఆచారాన్ని ఆ ప్రాంతపు రైతులు, అధికారులు తరతరాలుగా పాటిస్తూ వచ్చారు. కట్టించినది రాజ్యమైనా, నిలబెట్టినది ఏటేటా చేసిన పని.

ఛత్తీస్‌గఢ్: గఢం, దావు, తరియా

చిన్ చక్రవర్తి విభాగాలు 36 అయితే, ఛత్తీస్‌గఢ్ పేరులోని గఢాలూ 36. సంఖ్యల పోలిక యాదృచ్ఛికమే. దానికి మించి అర్థం వెతకనక్కరలేదు. అయితే రెండుచోట్లా పాలనా విభజన ప్రజల ఉనికిలో భాగమైపోయిన తీరు గమనార్హం. రతన్‌పూర్ కలచురుల కాలంలో శివనాథ్ నదికి ఉత్తరాన పద్దెనిమిది గఢాలు రతన్‌పూర్ కింద, దక్షిణాన పద్దెనిమిది రాయ్‌పూర్ శాఖ కింద ఉండేవని సంప్రదాయం. దుర్గ్, పాటన్ ఈ దక్షిణపు జాబితాలోనివే. అంటే కుమ్హారి పరిసరాలు ఆ రెండవ భాగంలోకి వస్తాయి. ఒక్కొక్క గఢంలో 84 గ్రామాలు, పన్నెండు గ్రామాలకు ఒక దావు, గ్రామానికి ఒక గావుఁటియా ఉండాలన్నది ఆదర్శపు లెక్క. వాస్తవంలో ఈ లెక్క ఎన్నోచోట్ల తప్పింది. 18వ శతాబ్దంలో మరాఠాల దండయాత్రతో కలచురుల పాలన అంతమైంది. ఆ తర్వాత బ్రిటిష్ వారు కొత్త జిల్లాలు గీశారు. అయినా దుర్గ్ జిల్లా పల్లెల్లో భూమి, పరపతి ఉన్న పెద్దమనిషిని ‘దావు’ అని పిలవడం మానలేదు. 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడినప్పుడు దానికి పేరిచ్చినవి కూడా ఏనాడో అధికారం కోల్పోయిన ఆ గఢాలే.

ఇక్కడి చెరువును ఛత్తీస్‌గఢీలో ‘తరియా’ అంటారు. దుర్గ్ జిల్లా ధమ్‌ధా వంటి పాత పట్టణాల గురించి చెప్పేటప్పుడు ‘ఆరు అగర్ ఆరు కోరి’ చెరువులనే మాట వాడుకలో ఉంది. కోరి అంటే ఇరవై కనుక ఆ లెక్కన 126. ఖచ్చితమైన సంఖ్య కన్నా ముఖ్యమైన విషయమేమంటే, ఒక ఊరి గొప్పతనాన్ని కోటబురుజులతో గాక చెరువులతో లెక్కించే అలవాటు జన వాక్కులో నిలిచిపోయింది.

బస్తర్: ఓరుగల్లు వారసత్వం

ఇదే రాష్ట్రపు దక్షిణ కొసన తెలుగు చరిత్ర నేరుగా ప్రవేశిస్తుంది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక, ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇంద్రావతి లోయకు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ ఐతిహ్యం. దంతెవాడలోని 1703 నాటి దిక్పాలదేవుని శాసనం ఆ వంశాన్ని కాకతీయులకు ముడిపెడుతుంది. తొలి తరాల వివరాలు కథల్లోనే దొరుకుతాయి కనుక వాటిని జాగ్రత్తగానే స్వీకరించాలి. 1922లో సింహాసనమెక్కిన ప్రఫుల్ల కుమారీదేవి మయూర్‌భంజ్ భంజ వంశీయుని వివాహమాడడంతో వంశనామం కూడా మారింది. ఆమె కుమారుడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న జగదల్‌పూర్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో మరణించాడు.

రాజ్యం లేదు, రాజు లేడు. అయినా 75 రోజుల బస్తర్ దసరా ఏటా జరుగుతూనే ఉంది. రథానికి చెక్క పని, ఇనుప పని, తాళ్లు లాగే వంతు ఏయే గ్రామాలవో, ఏయే తెగలవో ఆచారం నిర్ణయించి ఉంచింది. రథంపై దంతేశ్వరీదేవి ఛత్రం ఊరేగుతుంది. పండుగ చివర జరిగే మురియా దర్బారులో గ్రామాల మాంఝీలు ఒకప్పుడు రాజుకు చెప్పుకున్న సమస్యలను ఇప్పుడు ప్రభుత్వ ప్రతినిధులకు చెప్పుకుంటారు. సింహాసనంపై కూర్చునేవాడు మారినా, ఏడాదికొకసారి పాలకుడు ప్రజల ఎదుట కూర్చుని వినాలన్న నియమం మిగిలింది. ఓరుగల్లు తోరణాలకంటే ఈ నియమమే బలమైన స్మారకమని నా అభిప్రాయం.

చెరువు నేర్పే పాఠం

కాకతీయుల స్వస్థలంలో వారి నిజమైన స్మారకాలు చెరువులు. గణపతిదేవుని కాలంలో (1199–1262) సేనాని రేచెర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో ఆలయాన్ని నెలకొల్పాడు. ఆలయంతోపాటు వెలసిన రామప్ప చెరువు, పాకాల, లక్నవరం ఎనిమిది శతాబ్దాల తరువాత కూడా పొలాలకు నీరిస్తున్నాయి. రామప్ప ఆలయానికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. శిల్పసౌందర్యానికి అది తగిన గౌరవమే. అయితే ఆ చెరువును ఇంతకాలం నిలిపినది శిల్పం కాదు, ఒక ఏర్పాటు. చెరువు కట్టినవారికి, మరమ్మతు చూసేవారికి ఆయకట్టు భూమిలో ఒక వంతు దశబంధ మాన్యంగా దక్కేది. తూము తెరిచి మూసే నీరటికి పంటలో వాటా ఉండేది. కట్ట తెగితే నష్టపోయేవాడే కట్టను కాపాడేవాడు.

ఆధునిక కాలంలో ఈ ముడి విడిపోయింది. మరమ్మతులు శాఖల చేతికి వెళ్లాయి. హైదరాబాద్ రాష్ట్రంలో 1955 చట్టం ఇనాములను రద్దు చేసింది. పుట్టుకను బట్టి భూమి, వెట్టి పంచిన పాత వ్యవస్థలో అన్యాయం ఎంతో ఉంది కనుక ఆ రద్దును తప్పుపట్టలేం. కానీ మాన్యంతోపాటు దానికి కట్టుబడి ఉన్న పని కూడా పోయింది. ఆ పనిని ఎవరు చేయాలన్న ప్రశ్నకు కొత్త వ్యవస్థ చాలాకాలం సమాధానం ఇవ్వలేదు. పూడిక పెరిగింది, శిఖం భూములు ఆక్రమణకు గురయ్యాయి, రైతు బోరుబావి వైపు తిరిగాడు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీటి వినియోగదారుల సంఘాలకు చట్టం చేయడం, 2015లో తెలంగాణ మిషన్ కాకతీయ పేరిట 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు పూనుకోవడం ఆ వెలితిని పూరించే ప్రయత్నాలే. పూడిక మట్టిని రైతులు తమ పొలాలకు తోలుకుపోయిన ఊళ్లలో చెరువుతో పాత సంబంధం కొంతైనా తిరిగి కుదిరింది.

ఒక స్వానుభవం చెప్పడం అప్రస్తుతం కాదు. కొన్నేళ్ల క్రితం ఈ జిల్లాలోనే ఒక గ్రామ చెరువు మరమ్మతు నివేదికను నేను తయారుచేశాను. రాయి, సిమెంటు, కూలి అన్నీ పైసాతో సహా లెక్కలో ఉన్నాయి. పని పూర్తయ్యాక చూడబోతే ఒక వృద్ధ రైతు, ‘బాబూ, ఈ తలుపు ఎత్తేదెవరు?’ అని అడిగాడు. నా నివేదికలో ఆ మనిషికి గడి లేదు. మరుసటి వర్షాకాలానికి తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆ తప్పు కాగితంలోది కాదు, దానిని రాసినవాడిది.

ప్రాచీన పాలకులు నేటి సమాజాన్ని మలిచారన్న మాట నిజమే. కానీ వారు శాసనాలకెక్కించిన బిరుదులతో మలచలేదు. లిపి, పరీక్ష, కాలువ, చెరువు, దర్బారు వంటి వాటిని జనం తమ పనిగా చేసుకున్నంత కాలమే అవి బతికాయి. మిన్ నది కాలువల్లో ఏటా పూడిక తీసిన రైతు, బస్తర్‌లో రథానికి మేకు కొట్టిన కమ్మరి, పాలంపేటలో తూము ఎత్తిన నీరటి ముగ్గురూ రాజుల పేర్లను మోయలేదు, రాజుల పనిని మోశారు. వారసత్వ పరిరక్షణ పేరిట మనం సిద్ధం చేసే ప్రతి పథకంలోనూ కట్టడానికి నిధులు కేటాయించే ముందు, రేపు దానిని చేతపట్టే మనిషికి ఒక గడి ఉందో లేదో చూసుకోవడం మన కనీస ధర్మం.