దుఃఖానికి మాటనిచ్చిన కీర్తన

నేరేడ్‌మెట్‌లో ఏ క్రైస్తవ కుటుంబం జ్ఞాపకార్థ కూడికకు వెళ్లినా, ఇంటి ముందు వేసిన షామియానా కింద బైబిలులోని కీర్తన ఒకటి తప్పక వినిపిస్తుంది. పోయినవారిని తలచుకునేటప్పుడు 23వ కీర్తన, కొత్త ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు 127, దూరప్రయాణానికి ముందు 121, జబ్బు చేసినా భయం పట్టుకున్నా 91, చేసిన తప్పు మనసును తొలిచేటప్పుడు 51. పంచాంగం చూడనివారికి కూడా ఇదొక పంచాంగమే. ఎక్కడో యెరూషలేములో పుట్టిన హెబ్రీ పాటలు మన ఇళ్లలో ఇంత లోతుగా ఎలా పాదుకున్నాయి?

హెబ్రీలో ఈ కీర్తనల సంపుటి పేరు తెహిల్లీమ్, అంటే స్తుతులు. ఐదు భాగాల్లో 150 పాటలు. ఒక కవి ఒక్క కాలంలో రాసినవి కావు. 73 పాటల మీద దావీదు పేరు ఉంది. తక్కినవాటిలో కొన్నింటి మీద ఆసాపు పేరు, కొన్నింటి మీద కోరహు కుమారుల పేరు కనిపిస్తాయి. 90వ కీర్తన మోషే పేరు మీద ఉంది. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేము ఆలయాన్ని కూల్చింది. చెరపట్టి తీసుకుపోయిన జనం పరాయి నది ఒడ్డున పడ్డ వేదన 137వ కీర్తనలో ఉంది. పేరుకు స్తుతులే గాని, ఈ సంపుటిలో విలాపాలు ఎన్నో. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగుస్తుంది. చివర్లో వెలుగు రేఖ ఒక్కటీ కనబడదు. అలాంటి పాటను కూడా తీసివేయకుండా ఆరాధనలో ఉంచుకోవడం ఆ ప్రజల గొప్పతనం.

హెబ్రీ పద్యం ప్రాణం ప్రాసలో లేదు. ఒక పాదంలో చెప్పిన భావాన్నే రెండో పాదం మరో కోణంలో తిరిగి పలుకుతుంది, లేదా ఎదురు నిలబెడుతుంది. మన యతిప్రాసల్ని వేరే భాషలోకి తీసుకుపోలేం. భావానికి భావం జత కలిస్తే మాత్రం ఆ జత ఏ భాషలోనైనా నిలుస్తుంది. ఈ పాటలు తెలుగులోనూ శోభ కోల్పోకపోవడానికి ఒక కారణం ఇదే.

ఆ తెలుగు వెంటనే రాలేదు. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దం మొదటి సగంలో మద్రాసులో ఉంటూ బైబిలును తెలుగు చేయడానికి పూనుకున్నాడు. ఆ రాతప్రతికి అచ్చుయోగం పట్టలేదు. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ విశాఖపట్నం చేరారు. తెలుగు, సంస్కృతాలు తెలిసిన ఆనందరాయర్ వారికి తోడయ్యాడు. 1812లో శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యే నాటికి క్రాన్, డే గ్రాంజ్ ఇద్దరూ కన్నుమూశారు. తర్వాతి తరంలో జాన్ హే విశాఖలోనే ఉండి అనువాదాల సవరణకు దశాబ్దాలు వెచ్చించాడు.

ఆ దారిలో వచ్చిన ఒక చిన్న మాటకు నేను ఎంతో రుణపడి ఉన్నాననుకుంటాను. అది ‘కీర్తన’. అన్నమయ్య, రామదాసు, త్యాగయ్యల పేర్లతో పెనవేసుకున్న మాట అది. ఆ మాట వినగానే తెలుగువాడికి దేవుడితో చనువుగా మాట్లాడవచ్చన్న ధైర్యం వస్తుంది. ఆ రామదాసే, అంటే కంచర్ల గోపన్న, గోల్కొండ చెరలో ఉండి రాముణ్ణి వేడుకున్నాడు, నిలదీశాడు, చేయించిన నగల లెక్క కూడా అప్పజెప్పాడు. ఎంతకాలం మరచిపోతావని దేవుణ్ణి అడిగే 13వ కీర్తన, ఆ గొంతు ఎరిగిన నేల మీద కొత్తగా తోచలేదు.

పురుషోత్తమ చౌదరి (1803–1890) రాకతో ఈ బంధం ఇంకా చిక్కబడింది. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన ఈ కవి క్రైస్తవ భక్తిని మన రాగతాళాల్లో కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం ఉంటాయి. హెబ్రీ కీర్తనలు కొన్నింటి పైన కూడా ప్రధాన గాయకునికి సూచన, తంతివాద్యాల ప్రస్తావన ఉంటాయి. రెండూ చదువుకోవడానికన్నా ముందు పాడుకోవడానికి పుట్టినవి.

నేరేడ్‌మెట్ ఉన్న సికింద్రాబాదుకు ఈ పాటలు రెండు దారుల్లో వచ్చాయి. 1806లో ఇక్కడ బ్రిటిష్ సైన్యపు దండు (కంటోన్మెంట్) ఏర్పడింది. 1813లో సెయింట్ జాన్స్ చర్చి వెలిసింది. ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం 150 కీర్తనలనూ నెలలోని ముప్పై రోజులకు, ఉదయానికీ సాయంత్రానికీ పంచింది. దండుకు వచ్చినవి అలా ఇంగ్లీషులో వచ్చాయి. తెలుగు దారి కోస్తా నుంచి, మిషన్ల వెంట వచ్చింది. 1950లో సువార్తికుడు భక్తసింగ్ హైదరాబాదులో హెబ్రోను అనే ఆరాధన కేంద్రం నెలకొల్పాక కీర్తన చదవడం, పాడడం మరెన్నో ఇళ్లకు అలవాటైంది.

నేరేడ్‌మెట్ చుట్టూ సైనికపురి, డిఫెన్స్ కాలనీ, వాయుపురి ఉన్నాయి. ఫౌజులో కాలం గడిపినవారి ఇళ్లు ఇక్కడ ఎక్కువ. సరిహద్దులో ఉన్న కొడుకు కోసం మెలకువగా గడిచే రాత్రి ఎలా ఉంటుందో ఈ వీధులకు తెలుసు. కునుకు లేకుండా కాపలా కాసే దేవుణ్ణి తలచే 121వ కీర్తన అర్థం ఇక్కడివారికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

రోజుకు ఐదు కీర్తనలు చదివితే నెలలో పుస్తకం పూర్తవుతుంది. అలా చదివేవారికి ఒకరోజు కోపం, ఒకరోజు కృతజ్ఞత, ఒకరోజు పశ్చాత్తాపం ఎదురవుతాయి. తమ మనసు ఆ రోజు ఎలా ఉన్నా, దానికి సరిపడే మాట ముందే రాసి ఉంటుంది. ఓదార్పు అంటే ఏడవొద్దని చెప్పడం కాదు, ఏడ్వడానికి ఒక మాట చేతికివ్వడం. చదువురాని అవ్వలెందరో 23వ కీర్తనను కంఠతా పట్టారు. షామియానా కింద పాస్టరుగారు చదువుతుంటే వారి పెదవులు ఆయనకన్నా అరక్షణం ముందే కదులుతాయి.