బడి మూతపడ్డాక మన పిల్లలు ఎవరి దగ్గర పెరిగారు?

పోస్ట్ కొంచెం పెద్దదే, టైం ఉన్నప్పుడు చదవండి.

కరోనా టైంలో పిల్లల పెంపకం గురించి నేను చదివినవన్నీ పట్నం ఇళ్ల గురించే. పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉంటే అమ్మానాన్నలు ఎట్ల తట్టుకున్నారు, ఆఫీసు పని చేసుకుంటూ ఆన్‌లైన్ క్లాసులు ఎట్ల చూపించారు అని రాశారు. వాళ్ల కష్టం వాళ్లది, కాదనను. కానీ మన గూడేల్లో కథ వేరు. హాస్టల్‌కు ఇచ్చేసిన పిల్లలు ఒక్కసారిగా ఇంటికొచ్చారు. వాళ్లను పెంచే పని అమ్మానాన్నల చేతికి తిరిగొచ్చింది. ఇది కూడా చరిత్రే, మనం రాయకపోతే ఎవరూ రాయరు.

ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1943లో, నిజాం కాలంలో, హైమెండార్ఫ్ చొరవతో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండుల్లోంచే టీచర్లను తయారుచేయాలి, గోండిలోనే వాచకాలు ఉండాలి అన్నది అక్కడి ఆలోచన. తర్వాత దారి మారింది. 1970ల్లో ఐటీడీఏలు వచ్చాయి, ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి, ఆ తర్వాత గురుకులాలు. చాలా గూడేల్లో చదువు ఊరికి రాలేదు, పిల్లలే చదువు ఉన్నకాడికి పోయారు. దీంతో వచ్చిన లాభం చిన్నది కాదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటోణ్ణి నేనే, అది హాస్టల్ పెట్టిన అన్నమే. కానీ ఆరేడేండ్లకే ఇల్లు విడిచిన బిడ్డను తల్లి చూసేది దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు. మిగతా రోజులు నిద్ర లేపేది, తినిపించేది, జ్వరమొస్తే గోలి ఇచ్చేది హాస్టలే.

2020 మార్చి మధ్యలో తెలంగాణలో బళ్లు మూశారు. మేము ట్రంకు పెట్టెలు హాస్టల్‌లోనే పెట్టి, రెండు జతల బట్టలతో ఇంటికొచ్చాం. పదిహేను రోజులే అనుకున్నాం. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. అప్పుడు ఏజెన్సీలో చాలా ఊర్లు రోడ్డుకు అడ్డంగా దుంగలు, ముండ్ల కంప వేసుకున్నాయి. సర్కారు చెప్పిందని మాత్రమే కాదు. గత్తర వచ్చినా, అమ్మవారు పోసినా పొలిమేర కట్టేసుకోవడం మన పెద్దోళ్లకు తెలిసిన పద్ధతే. 1918లో బొంబాయి నుంచి పాకిన ఇన్‌ఫ్లుయెంజాలో దేశంలో కోటి మందికి పైగా చనిపోయారు. 1911 నుంచి 1921 మధ్య దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. జనాభా లెక్కల్లో అట్ల జరిగింది ఆ ఒక్క పదేండ్లే. ఆ ఏడాది మన ముత్తాతలు పిల్లల్ని ఎట్ల కాపాడుకున్నారో మా ఊర్లో చెప్పేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఈసారి కూడా అట్లనే కావొద్దనే ఈ పోస్ట్.

లాక్‌డౌన్ వచ్చిన టైం చూడండి. మార్చి, ఏప్రిల్ అంటే ఇప్పపువ్వు, ఆ వెంటనే తునికాకు. ఏడాదిలో చేతిలో నాలుగు పైసలు ఆడే కాలం అదే. సంతలు బంద్ అయ్యాయి. సర్కారు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చింది. బియ్యం ఆదుకుంది. కానీ ఉప్పు, నూనె, సబ్బుకు డబ్బు కావాలి, దాంతో పిల్లలు కూడా అడవికి పోయారు. ఆ ఏప్రిల్‌లోనే, ఛత్తీస్‌గఢ్ నుంచి మన ములుగు వైపు మిర్చి ఏరడానికి వచ్చిన 12 ఏండ్ల ఆదివాసీ పాప, బండ్లు లేక అడవి దారిలో నడిచి పోతూ ఇల్లు చేరకముందే చనిపోయింది. మన పిల్లలకు మహమ్మారి అంటే వైరస్ ఒక్కటే కాదని చెప్పడానికి ఇది చాలు.

సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లలో పాఠాలు మొదలైనయ్. మా ఇంట్లో టీవీ లేదు. ఉన్న ఒక్క ఫోన్ నాయన పనికి తీసుకుపోయేవాడు, సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. మా అమ్మకు అక్షరం రాదు. నాలుగో తరగతి చెల్లిని పుస్తకంతో కూర్చోబెట్టేది కానీ, అది చదువుతుందో చదివినట్టు నటిస్తుందో అమ్మకు తెలిసేది కాదు. అడవిలో మాత్రం అమ్మే టీచర్. ఏ దుంప ఎన్నిసార్లు ఉడకబెట్టాలి, ఏ ఆకు ముట్టొద్దు, అన్నీ చెప్పింది. ఇంకో సంగతి: మన కోయలో ఏరు అంటే నీళ్లు, తెలుగులో ఏరంటే వాగు. హాస్టల్‌లో పెరిగిన చెల్లికి మొదట్లో నాయనమ్మ మాట సగమే అర్థమయ్యేది. కొత్తల పండుగ నాటికి గలగలా మాట్లాడింది. ఆ పండుగకు అది ఇంట్లో ఉండడం బడిలో చేరాక అదే మొదటిసారి.

అదే 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన జీవో అది. పిల్లలు ఇంటికొచ్చి సొంత భాష నేర్చుకుంటున్న రోజుల్లోనే, వాళ్లకు ఆ భాషలో చెప్పగల టీచర్ వస్తాడన్న భరోసా పోయింది. ఊర్లు మూసి ఉండడంతో గట్టిగా ధర్నా కూడా చేయలేని టైం అది.

బళ్లు ఒక్కసారిగా తెరవలేదు. 2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులకు తెరిచారు, మార్చి చివర్లో మళ్లీ మూశారు. మా బ్యాచ్ పరీక్ష రాయకుండానే పదో తరగతి పాసైంది. సెప్టెంబర్‌లో బళ్లు తెరిచినప్పుడు గురుకులాలు, హాస్టళ్లు మాత్రం తెరవొద్దని హైకోర్టు ఆపింది, అక్టోబర్‌లో గానీ అనుమతి రాలేదు. అంటే రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ కాలం బడికి దూరమైంది మనలాంటి హాస్టల్ పిల్లలే. మా క్లాసులో ఇద్దరు అమ్మాయిలు పెండ్లయి తిరిగి రాలేదు, ఒక అబ్బాయి ట్రాక్టర్ మీదనే ఉండిపోయాడు. వాళ్ల అమ్మానాన్నలను తిట్టడం సులువు. బడి ఎప్పుడు తెరుస్తారో చెప్పేవాళ్లు లేరు, ఈడొచ్చిన ఆడపిల్ల ఇంట్లో ఉంది, పూట గడవాలి. వాళ్లకు తెలిసిన దారిలో బాధ్యత తీర్చుకున్నామనుకున్నారు. ఆ బాధ్యతకు చదువు బలైంది.

హాస్టళ్లు వద్దని నేను అనను. చదువు కావాలంటే ఇల్లు, భాష వదులుకోవాలన్న షరతు ఎందుకని అడుగుతున్నా. మార్లవాయిలో 1943లోనే దీనికి ఒక జవాబు దొరికింది. కరోనాలో మన అమ్మలు ఇంకో సగం చూపించారు.

ఈ సెలవుల్లో ఒక పని చేద్దాం. ఇంట్లో అమ్మను, నాయనమ్మను అడగండి: ఆ ఏడాదిన్నర ఏం తిన్నాం, ఏం అమ్మాం, పిల్లలకు ఏం నేర్పావు, దేనికి భయపడ్డావు అని. వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఒక పేజీ రాసి ఇక్కడ పెట్టండి. గోండి, కోయ, కొలామి, కువి, సవర, లంబాడీ ఏ మాటైనా సరే, తెలుగు లిపిలో రాయండి. మా అమ్మ చెప్పింది వచ్చే ఆదివారం నేను పెడతా.

జై ఆదివాసీ.